రెవిట్‌లో గోడ రంగులు: ప్లాన్, ఎలివేషన్, సెక్షన్, త్రీడీ వ్యూల్లో మీకు కావలసినట్టు చూపించడం ఎలా

"ప్లాన్‌లో గోడకి రంగు పెట్టాను, ఎలివేషన్‌లో తెల్లగానే ఉంది." "త్రీడీలో మార్చిన రంగు ప్లాన్‌లోకి రావట్లేదు." "ఒక్క షీట్‌లోనే ఎర్రగా ఉండాలనుకున్నాను, అన్ని షీట్లూ ఎర్రబడ్డాయి." రెవిట్ (బిల్డింగుల త్రీడీ మోడల్, డ్రాయింగులు తయారుచేసే సాఫ్ట్‌వేర్) వాడేవాళ్ల నుంచి ఈ మూడు ప్రశ్నలూ రకరకాల మాటల్లో మళ్లీ మళ్లీ వస్తున్నాయి. ముక్కలుగా జవాబు చెబితే ఒక చోట సరిపోయి ఇంకో చోట చెడుతోంది. అందుకే మొదటి నుంచి వరుసగా రాస్తున్నాను.

చిక్కంతా ఒక్క చోటే ఉంది. రెవిట్‌లో గోడకి "రంగు" అని ఒకే గడి లేదు. మెటీరియల్‌లోనే నాలుగు చోట్ల రంగు ఉంటుంది. గోడ టైప్‌లో (ఒకే రకం గోడలన్నిటి ఉమ్మడి సెట్టింగులు) ఒకటి, ఫిల్టర్‌లో (ఒక షరతుకి సరిపోయే గోడలకే రంగు మార్చే నియమం) ఒకటి, ఫేజ్‌లో (పాతది, కొత్తది లాంటి కట్టడం దశ) ఒకటి, కేటగిరీ ఓవర్‌రైడ్‌లో (ఒక వ్యూలో గోడలన్నిటికీ కలిపి చేసే మార్పు) ఒకటి. వ్యూ తన పరిస్థితిని బట్టి వీటిలో ఒకదాన్ని ఎంచుకుని తెర మీద చూపిస్తుంది. మనం మార్చింది ఒకటి, వ్యూ చదివింది మరొకటి అయినప్పుడే టెన్షన్ మొదలవుతుంది. కాబట్టి రంగు మార్చే ముందు ఆ వ్యూ ఏ గడిని చదువుతోందో కనిపెట్టాలి. మిగతా పనంతా దాని మీదే ఆధారపడి ఉంది.

ఇక్కడ చెప్పిన పద్ధతి 2019, ఆ తర్వాతి వెర్షన్లకు సరిపోతుంది. ప్యాటర్న్‌లకు (గోడని నింపే గీతలు లేదా నిండు రంగు) ఫోర్‌గ్రౌండ్, బ్యాక్‌గ్రౌండ్ అనే రెండు పొరలు వచ్చింది 2019లోనే.

1. వ్యూని చదవడం: మూడు ప్రశ్నలు

ఏ వ్యూలో రంగు సరిగా లేదో దాన్ని తెరిచి, ఏదీ ముట్టుకోకుండా ఈ మూడూ చూడండి.

మొదటిది: ఈ వ్యూ గోడని కోస్తోందా, బయటి నుంచి చూస్తోందా? ఫ్లోర్ ప్లాన్‌లో కట్ ప్లేన్ (బిల్డింగ్‌ని అడ్డంగా కోసినట్టు ఊహించుకునే తలం) గోడ మధ్యలోంచి పోతుంది. మెట్రిక్ టెంప్లేట్లలో అది మామూలుగా 1200 మి.మీ. ఎత్తులో ఉంటుంది. అక్కడ మీకు కనిపించేది గోడ లోపలి భాగం, అంటే కట్ ప్యాటర్న్. ఎలివేషన్‌లో గోడ ముఖం కనిపిస్తుంది, అంటే సర్ఫేస్ ప్యాటర్న్. సెక్షన్‌లో రెండూ ఉంటాయి: కోత పడిన గోడలకు కట్, వెనకాల కనిపించే గోడలకు సర్ఫేస్. ప్లాన్‌లో పెట్టిన రంగు ఎలివేషన్‌లో రాకపోవడానికి నూటికి తొంభై సార్లు కారణం ఇదే అని నా అనుభవం.

రెండోది: విజువల్ స్టైల్ ఏమిటి? వ్యూ అడుగున ఉండే కంట్రోల్ బార్‌లో తెలుస్తుంది.

- హిడెన్ లైన్: ముఖాలు తెల్లగా ఉంటాయి. మెటీరియల్‌లోని షేడింగ్ రంగు ఇక్కడ కనిపించదు. ప్యాటర్న్‌లు మాత్రమే కనిపిస్తాయి.
- షేడెడ్: షేడింగ్ రంగు కనిపిస్తుంది, కానీ వెలుగు పడే దిక్కుని బట్టి ఒకే రంగు ఒక గోడ మీద లేతగా, ఇంకో గోడ మీద ముదురుగా ఉంటుంది.
- కన్సిస్టెంట్ కలర్స్: అదే షేడింగ్ రంగు, వెలుగు ప్రభావం లేకుండా అన్ని గోడల మీదా ఒకేలా ఉంటుంది.
- రియలిస్టిక్: షేడింగ్‌ని వదిలేసి, మెటీరియల్‌లో అపియరెన్స్ ట్యాబ్‌ని చదువుతుంది.

మూడోది: డీటెయిల్ లెవెల్ ఏమిటి? కోర్స్‌లో ఉంటే, కోత పడిన గోడ తన పొరల మెటీరియల్స్‌ని చూపించదు. గోడ టైప్‌లో రాసి ఉన్న కోర్స్ స్కేల్ ఫిల్ ప్యాటర్న్, కోర్స్ స్కేల్ ఫిల్ కలర్ కనిపిస్తాయి. మీడియం, ఫైన్‌లలోనే పొరలు విడివిడిగా వస్తాయి.

ఈ మూడు జవాబులూ ఒక కాగితం మీద రాసుకోండి. "ప్లాన్, హిడెన్ లైన్, కోర్స్" అని రాశారంటే మార్చాల్సిన చోటు దాదాపు తేలిపోయినట్టే.

2. ముందస్తు తయారీ

రంగులు రెండు రకాలని ముందే విడగొట్టుకోండి. ఒకటి గోడకి నిజంగా ఉండే రంగు. బయట లేత గోధుమ, లోపల తెలుపు లాంటివి. రెండోది అర్థం చెప్పే రంగు. అగ్నిని తట్టుకునే గోడలు ఎరుపు, బరువు మోసే గోడలు నీలం లాంటివి. మొదటిది కట్టడానికి సంబంధించినది, అన్ని వ్యూల్లోనూ ఉండాలి. రెండోది ఆ ఒక్క డ్రాయింగ్‌కి సంబంధించినది, మిగతా చోట్ల ఉండకూడదు.

నిజమైన రంగు మెటీరియల్‌లో పెట్టాలి. అర్థం చెప్పే రంగు ఫిల్టర్‌లో పెట్టి వ్యూ టెంప్లేట్‌తో (ఒక వ్యూ సెట్టింగుల్ని చాలా వ్యూలకి ఒకేసారి ఇచ్చే అచ్చు) నడపాలి. ఈ గీత ఎక్కడ చెరిగినా ఫైల్ గందరగోళమవుతుంది. అగ్ని గోడలు ఎర్రగా కనిపించాలని మెటీరియల్‌నే ఎరుపు చేసిన ఫైళ్లు చాలా చూశాను. చివర్లో రెండర్ (ఫోటోలా కనిపించే బొమ్మ) తీసేసరికి బిల్డింగ్ లోపలంతా ఎర్రగోడలే.

మొదలుపెట్టే ముందు:

- రంగులన్నిటికీ ఆర్‌జీబీ సంఖ్యలు (ఎరుపు, ఆకుపచ్చ, నీలం పాళ్లు చెప్పే మూడు సంఖ్యలు) రాసి పెట్టుకోండి. కంటితో చూసి ఎంచుకుంటే రెండోసారి అదే రంగు రాదు.
- ఏ వ్యూలో ఏ గోడ ఏ రంగులో ఉండాలో చిన్న పట్టిక వేసుకోండి.
- ప్లాన్, ఎలివేషన్, సెక్షన్, త్రీడీ ఒక్కొక్కటి డూప్లికేట్ చేసి, పేరు ముందు "పరీక్ష" అని పెట్టండి.
- ఆ నాలుగు వ్యూలకీ వ్యూ టెంప్లేట్ ఏదైనా తగిలించి ఉంటే, ప్రాపర్టీస్‌లో "నన్" చేయండి. లేకపోతే మీరు మార్చేది మారదు.
- నాలుగింటినీ ఒకే తెర మీద పక్కపక్కన పెట్టుకోండి. ఒక చోట మార్చగానే మిగతా మూడింట్లో ఏం జరిగిందో చూడటం ఈ పనిలో సగం.

3. మెటీరియల్: నిజమైన రంగు పెట్టే చోటు

మేనేజ్ ట్యాబ్‌లో మెటీరియల్స్ తెరవండి. ఉన్న మెటీరియల్‌ని నేరుగా మార్చవద్దు. దాన్ని డూప్లికేట్ చేసి కొత్త పేరు పెట్టండి, ఉదాహరణకు "పెయింట్ - బయట - లేత గోధుమ". పాతది ఇంకెక్కడ వాడారో మీకు తెలియదు కదా.

గ్రాఫిక్స్ ట్యాబ్‌లో మూడు భాగాలుంటాయి. వరుసగా నింపండి.

అ) షేడింగ్. ఇక్కడ ఆర్‌జీబీ సంఖ్య ఇవ్వండి. దాని పైన "యూజ్ రెండర్ అపియరెన్స్" అనే టిక్ ఉంటుంది. అది పడి ఉంటే రంగుని రెవిట్ అపియరెన్స్ నుంచి లెక్కకట్టి తానే పెట్టుకుంటుంది, మీరు ఇచ్చినది నిలవదు. షేడెడ్ వ్యూల్లో కచ్చితమైన రంగు కావాలంటే ఆ టిక్ తీసేయండి.

ఆ) సర్ఫేస్ ప్యాటర్న్. హిడెన్ లైన్ ఎలివేషన్‌లో కూడా రంగు కనిపించాలంటే దారి ఇదే. బ్యాక్‌గ్రౌండ్‌లో సాలిడ్ ఫిల్ పెట్టి మీ రంగు ఇవ్వండి. ఫోర్‌గ్రౌండ్‌లో ఇటుక గీతలో టైల్ గీతలో పెట్టుకోండి. రెండూ కనిపిస్తాయి. చాలామంది సాలిడ్ ఫిల్‌ని ఫోర్‌గ్రౌండ్‌లో పెట్టేసి, ఇటుక గీతలు మాయమయ్యాయని వెతుక్కుంటారు.

హిడెన్ లైన్ ఎలివేషన్లు తెల్లగానే ఉండాలనుకుంటే ఈ సాలిడ్ ఫిల్ పెట్టకండి. అన్ని ప్రాజెక్టులకీ ఇది అక్కర్లేదు. వర్కింగ్ డ్రాయింగ్స్‌లో రంగు నిండిన ఎలివేషన్ మీద కొలతలు చదవడం కష్టం.

ఇ) కట్ ప్యాటర్న్. ప్లాన్, సెక్షన్‌లలో మీడియం లేదా ఫైన్‌లో కనిపించేది ఇది. పైపూత మెటీరియల్‌కి దీన్ని ఖాళీగా వదిలేయడమే మంచిదని నా సలహా. గోడ మధ్య పొర, అంటే ఇటుక లేదా కాంక్రీట్ మెటీరియల్‌కి మాత్రం తప్పకుండా పెట్టండి. ప్లాన్ చదివేవాళ్లకి కావలసింది గోడ దేనితో కట్టారన్న సంగతి.

ఇప్పుడు అపియరెన్స్ ట్యాబ్‌కి రండి. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. మెటీరియల్‌ని డూప్లికేట్ చేసినా లోపలి అపియరెన్స్ అసెట్ (రియలిస్టిక్ రూపానికి సంబంధించిన సెట్టింగుల మూట) పాతదానితో ఉమ్మడిగా ఉండిపోవచ్చు. అసెట్ పేరు దగ్గర చెయ్యి గుర్తు, పక్కన ఒక సంఖ్య కనిపిస్తాయి. ఆ అసెట్‌ని ఎన్ని మెటీరియల్స్ పంచుకుంటున్నాయో ఆ సంఖ్య చెబుతుంది. పంచుకుంటున్న అసెట్‌లో రంగు మారిస్తే మిగతా మెటీరియల్స్ రంగు కూడా రియలిస్టిక్ వ్యూల్లో మారిపోతుంది. కాబట్టి ముందు ఆ ట్యాబ్‌లోనే అసెట్‌ని డూప్లికేట్ చేసే గుర్తు నొక్కి, ఆ తర్వాత రంగు మార్చండి.

ఈ అంచె ముగిశాక పరీక్ష:

- షేడింగ్ గడిలో మీరు ఇచ్చిన ఆర్‌జీబీ సంఖ్య నిలిచి ఉందా? గోడకి ఇంకా తగిలించలేదు కాబట్టి ఇప్పటికి గ్రాఫిక్స్ ట్యాబ్‌లోనే చూడండి.
- యూజ్ రెండర్ అపియరెన్స్ టిక్ మీరు అనుకున్నట్టే ఉందా?
- అసెట్‌ని ఇంకో మెటీరియల్ పంచుకోవట్లేదు కదా?

4. గోడ టైప్: రంగు ఏ పొరకి, ఏ వైపుకి

గోడని ఎంచుకుని ఎడిట్ టైప్, తర్వాత స్ట్రక్చర్ ఎదురుగా ఎడిట్ నొక్కండి. పొరల పట్టిక వస్తుంది. అన్నిటికన్నా పైన ఉన్న పొర బయటి వైపు, కింద ఉన్నది లోపలి వైపు. బయటి ఫినిష్ పొరకి మీ కొత్త మెటీరియల్ ఇవ్వండి.

మెటీరియల్ గడిలో "బై కేటగిరీ" అని ఉంటే ఆ పొరకి సొంత మెటీరియల్ లేదని అర్థం. ఆబ్జెక్ట్ స్టైల్స్‌లో వాల్స్‌కి ఏ మెటీరియల్ ఉందో అదే వాడుతుంది. ఎన్ని మెటీరియల్స్ మార్చినా గోడ బూడిదరంగులోనే ఉందంటే ఈ గడి చూడండి.

పొరలు సరిగా ఉన్నా బయటి రంగు గది లోపల కనిపిస్తోందా? గోడ తిరగబడి ఉంది. గోడని ఎంచుకుని స్పేస్‌బార్ నొక్కితే తిరుగుతుంది. లొకేషన్ లైన్ (గోడ స్థానాన్ని నిర్ణయించే గీత) మధ్యగీత కాకపోతే తిప్పినప్పుడు గోడ జరిగే అవకాశం ఉంది, కొలత సరిచూసుకోండి. మొదటి నుంచీ గోడల్ని గడియారం ముల్లు తిరిగే దిశలో గీస్తే బయటి వైపు బయటికే ఉంటుంది. ఈ ఒక్క అలవాటుతో చాలా పని తప్పుతుంది.

అదే టైప్ ప్రాపర్టీస్‌లో కోర్స్ స్కేల్ ఫిల్ ప్యాటర్న్, కలర్ ఉంటాయి. చిన్న స్కేల్ ప్లాన్లు మీ ప్రాజెక్టులో ఉంటే ఇప్పుడే నింపేయండి. నిండు నలుపు లేదా ముదురు బూడిద సాలిడ్ ఫిల్ పెడితే ప్లాన్ దూరం నుంచి కూడా చదవగలిగేలా ఉంటుంది. ఇది టైప్ ప్రాపర్టీ, కాబట్టి ఒక్కో గోడ టైప్‌కి విడిగా పెట్టాలి. ఒక టైప్ మరిచిపోతే ప్లాన్‌లో ఆ గోడలు మాత్రం ఖాళీగా మిగులుతాయి.

ఇక్కడే ఫంక్షన్ అనే ప్రాపర్టీని కూడా సరిచేసుకోండి. ఎక్స్‌టీరియర్, ఇంటీరియర్, ఫౌండేషన్, రిటైనింగ్ లాంటి విలువలుంటాయి. టైప్‌ని డూప్లికేట్ చేసి లోపలి గోడగా వాడేటప్పుడు దీన్ని మార్చడం చాలామంది మరిచిపోతారు. తర్వాతి అంచెలో వచ్చే "అన్ని బయటి గోడలూ" లాంటి ఫిల్టర్లు దీన్నే నమ్ముకుంటాయి.

5. ఫిల్టర్: అర్థం చెప్పే రంగు పెట్టే చోటు

ఒక ఉదాహరణతో చేద్దాం. ఫైర్ ప్లాన్ ఒకటి కావాలి. అందులో రెండు గంటలు అగ్నిని తట్టుకునే గోడలు ఎర్రగా ఉండాలి. మిగతా ప్లాన్లు మామూలుగానే ఉండాలి.

1) ముందు సమాచారం. ఆ గోడల టైప్ ప్రాపర్టీస్‌లో ఫైర్ రేటింగ్ గడిలో ఒకే రకంగా రాయండి. ఇది టెక్స్ట్ గడి కాబట్టి ఒక టైప్‌లో "2 గంటలు", ఇంకో టైప్‌లో "2గం" అని రాస్తే ఫిల్టర్‌కి రెండూ వేర్వేరు. వాల్ షెడ్యూల్ (గోడల వివరాల పట్టిక) ఒకటి తీసి అన్ని విలువలూ ఒకే చోట సరిచూడండి.

2) వ్యూ ట్యాబ్‌లో ఫిల్టర్స్ తెరిచి కొత్తది చేయండి. పేరులో సంగతి తెలియాలి: "గోడ - ఫైర్ - 2 గంటలు". "ఫిల్టర్ 1" అని వదిలేస్తే నెల తర్వాత మీకే అర్థం కాదు.

3) కేటగిరీల్లో వాల్స్ ఒక్కటే టిక్ చేయండి. ఎక్కువ కేటగిరీలు ఎంచుకుంటే వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్న పారామీటర్లే (ఫైర్ రేటింగ్ లాంటి సమాచార గడులు) కింద కనిపిస్తాయి, మీకు కావలసింది జాబితాలో దొరక్కపోవచ్చు.

4) రూల్‌లో ఫైర్ రేటింగ్, ఈక్వల్స్, మీ విలువ.

5) ఫైర్ ప్లాన్ వ్యూలో కీబోర్డ్ మీద వీ రెండుసార్లు నొక్కండి. విజిబిలిటీ గ్రాఫిక్స్ తెరుచుకుంటుంది. ఫిల్టర్స్ ట్యాబ్‌లో యాడ్ నొక్కి మీ ఫిల్టర్‌ని తెచ్చుకోండి.

6) కట్ కింద ప్యాటర్న్స్ గడిలో ఓవర్‌రైడ్ నొక్కండి. ఫోర్‌గ్రౌండ్‌లో ప్యాటర్న్‌ని సాలిడ్ ఫిల్ చేయండి, తర్వాత రంగు ఎంచుకోండి. రెండూ చేయాలి. ప్యాటర్న్‌ని "నో ఓవర్‌రైడ్"గా వదిలి రంగు మాత్రమే మారిస్తే, గోడకి అప్పటికే ఉన్న ప్యాటర్న్ గీతల రంగే మారుతుంది. ప్యాటర్న్ లేని గోడలో ఏమీ కనిపించదు. "ఫిల్టర్ పనిచేయట్లేదు" అని వచ్చిన ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఇది.

7) ప్రొజెక్షన్/సర్ఫేస్ కింద కూడా అదే రంగు పెట్టండి. ప్లాన్‌కి ఇదెందుకు అని అడగొచ్చు. ప్లాన్‌లోనూ కోత పడని గోడలు ఉంటాయి. కట్ ప్లేన్ కన్నా కిందే ఆగిపోయేవి కొన్ని. ఇంకో సంగతి చాలామందికి తెలియదు: 2 మీటర్లు లేదా 6 అడుగుల కన్నా పొట్టిగా ఉన్న గోడల్ని, కట్ ప్లేన్ వాటిలోంచి పోయినా, రెవిట్ ప్లాన్‌లో కోయదు. పై నుంచి చూసినట్టే చూపిస్తుంది. అలాంటి పొట్టి గోడకి కట్ రంగు ఎంత పెట్టినా రాదు, సర్ఫేస్ రంగే వస్తుంది.

ఒకటి కన్నా ఎక్కువ ఫిల్టర్లు ఉంటే జాబితాలో పైన ఉన్నదానిదే పైచేయి. ఒకే గోడ రెండు ఫిల్టర్లలో పడి, రెండూ కట్ రంగునే మారుస్తుంటే పైదాని రంగు కనిపిస్తుంది. ఒకటి రంగుని, ఇంకొకటి గీత మందాన్ని మారుస్తుంటే రెండూ కలిసి పనిచేస్తాయి. కాబట్టి విడి సంగతులు చెప్పే ఫిల్టర్లు పైన, "అన్ని బయటి గోడలూ" లాంటి విశాలమైనవి కింద పెట్టండి. అప్, డౌన్ బటన్లు అందుకే ఉన్నాయి.

ఫిల్టర్ రూల్ ప్రాజెక్టు మొత్తానికి ఒకటే, దాని రంగు మాత్రం ఒక్కో వ్యూకి వేరు. రంగు ఇక్కడ మారిస్తే ఇంకో వ్యూకి ఏమీ కాదు. రూల్ మారిస్తే ఆ ఫిల్టర్ ఉన్న అన్ని వ్యూలూ మారతాయి.

కర్టెన్ వాల్ కూడా వాల్స్ కేటగిరీలోదే అయినా దాని గాజు పలకలు కర్టెన్ ప్యానెల్స్, చట్రాలు కర్టెన్ వాల్ మలియన్స్ కేటగిరీల్లో ఉంటాయి. వాటికి రంగు కావాలంటే ఆ కేటగిరీలకు విడిగా ఫిల్టర్ చేయాలి.

6. ఎవరి మాట నెగ్గుతుంది

ఒకే గోడకి అయిదు చోట్ల అయిదు రంగులు రాసి ఉంటే పై నుంచి కిందికి ఈ వరుస నడుస్తుంది:

1) ఆ వ్యూలో ఆ ఒక్క గోడకి చేసిన ఓవర్‌రైడ్, అంటే బై ఎలిమెంట్
2) వ్యూ ఫిల్టర్లు
3) ఫేజ్ గ్రాఫిక్ ఓవర్‌రైడ్‌లు
4) విజిబిలిటీ గ్రాఫిక్స్‌లో వాల్స్ కేటగిరీకి చేసిన ఓవర్‌రైడ్
5) ఏ ఓవర్‌రైడ్ లేకపోతే మెటీరియల్, గోడ టైప్, ఆబ్జెక్ట్ స్టైల్స్

ఈ వరుసని తెర పక్కన అతికించుకోండి. రంగు ఎందుకు మారట్లేదో వెతికేటప్పుడు పై నుంచి మొదలుపెట్టాలి. కింద మెటీరియల్‌ని పదిసార్లు మార్చినా పైన ఒక్క ఫిల్టర్ కూర్చుని ఉంటే మీ శ్రమంతా వృథా.

బై ఎలిమెంట్ గురించి గట్టిగా చెప్పాలి. గోడ మీద రైట్ క్లిక్ చేసి రంగు మార్చేయడం చాలా తేలిక. కానీ ఆ మార్పు ఏ జాబితాలోనూ కనిపించదు, వ్యూ టెంప్లేట్‌లోకి రాదు, గోడ చెరిపి మళ్లీ గీస్తే పోతుంది. మీ తర్వాత ఫైల్ తెరిచినవాళ్లకి ఆ గోడ ఎందుకు ఆకుపచ్చగా ఉందో ఎవరూ చెప్పలేరు. ఒక మీటింగ్ కోసం, ఒక్క పూట కోసం అయితే వాడుకోండి. పని అయ్యాక అదే డైలాగ్‌లో రీసెట్ నొక్కి తీసేయండి.

7. వ్యూ టెంప్లేట్: ఒకసారి చేసిన పనిని అన్ని షీట్లకీ

ఫైర్ ప్లాన్ ఒక అంతస్తులో కుదిరింది. ఇంకో ఆరు అంతస్తులున్నాయి. చేత్తో చేయకండి.

1) కుదిరిన వ్యూలో ఉండి, వ్యూ ట్యాబ్‌లో వ్యూ టెంప్లేట్స్ కింద క్రియేట్ టెంప్లేట్ ఫ్రమ్ కరెంట్ వ్యూ నొక్కండి.

2) వచ్చే పట్టికలో ఇన్‌క్లూడ్ అనే నిలువు వరుస ఉంటుంది. రంగుకి సంబంధించినవి టిక్‌తో ఉంచండి: ఫిల్టర్స్, మోడల్ ఓవర్‌రైడ్స్, మోడల్ డిస్‌ప్లే, డీటెయిల్ లెవెల్, ఫేజ్ ఫిల్టర్. స్కేల్, వ్యూ రేంజ్ లాంటివి ఒక్కో అంతస్తుకి మారేవైతే టిక్ తీసేయండి.

3) ప్రాజెక్ట్ బ్రౌజర్‌లో మిగతా ఫైర్ ప్లాన్లన్నీ ఎంచుకుని, ప్రాపర్టీస్‌లో వ్యూ టెంప్లేట్ గడిలో దీన్ని తగిలించండి.

తగిలించడం వేరు, అప్లై చేయడం వేరు. అప్లై టెంప్లేట్ ప్రాపర్టీస్ అన్నది ఆ క్షణానికి విలువల్ని నకలు చేస్తుందంతే. తర్వాత టెంప్లేట్‌లో రంగు మార్చినా ఆ వ్యూ మారదు. ప్రాపర్టీస్‌లో తగిలిస్తే బంధం నిలుస్తుంది.

ఎవరికైనా కాసేపు వేరే రంగుల్లో చూపించాలంటే టెంప్లేట్‌ని తీసేయక్కర్లేదు. కంట్రోల్ బార్‌లో టెంపరరీ వ్యూ ప్రాపర్టీస్ ఎనేబుల్ చేసి మార్చుకోండి. దాన్ని ఆపగానే పాత రూపం తిరిగి వస్తుంది.

8. గోడలో ఒక ముక్కకే వేరే రంగు

గది లోపల ఒక్క గోడకి ముదురు రంగు, లేదా గోడ కింది భాగానికి ఒక రంగు, పై భాగానికి ఇంకో రంగు కావాలా? కొత్త గోడ టైప్ చేయాల్సిన పని లేదు.

- మాడిఫై ట్యాబ్‌లో స్ప్లిట్ ఫేస్ తీసుకుని, గోడ ముఖం మీద గీత గీసి ఫినిష్ చేయండి. మొత్తం ముఖానికైతే ఈ అంచె అక్కర్లేదు.
- పెయింట్ టూల్ తీసుకోండి, పీటీ దాని షార్ట్‌కట్. మెటీరియల్ ఎంచుకుని ముఖం మీద క్లిక్ చేయండి.
- తప్పు ముఖానికి పడితే, రిమూవ్ పెయింట్ ఉంది.

పెయింట్ గోడ మందాన్ని మార్చదు. ఇది మోడల్‌లో జరిగే మార్పు కాబట్టి అన్ని వ్యూల్లోనూ ఉంటుంది, ఒక వ్యూకే పరిమితం చేయలేరు. ముఖం మీదిది కాబట్టి ప్లాన్ కోతలో కనిపించదు. గోడ టైప్‌లో ఫినిష్ మెటీరియల్ మార్చినా రంగు మారట్లేదంటే ఎవరో ఆ ముఖానికి పెయింట్ వేసి ఉంటారు. అది మెటీరియల్ టేక్‌ఆఫ్ షెడ్యూల్‌లో "యాజ్ పెయింట్" గడి పెడితే బయటపడుతుంది.

9. ఫేజ్, లింక్

పాత బిల్డింగ్‌లో మార్పులు చేసే ప్రాజెక్టుల్లో గోడలు అకారణంగా బూడిదరంగులోకి మారితే, ముందు ఫేజ్ ఫిల్టర్ చూడండి. మేనేజ్ ట్యాబ్, ఫేజెస్, అందులో ఫేజ్ ఫిల్టర్స్. ఎగ్జిస్టింగ్ కింద "ఓవర్‌రైడెన్" అని ఉంటే రంగు గ్రాఫిక్ ఓవర్‌రైడ్స్ ట్యాబ్ నుంచి వస్తోంది. అక్కడ మెటీరియల్ గడి కూడా ఉంటుంది. షేడెడ్ వ్యూల్లో పాత గోడల సొంత రంగుని మింగేసేది ఆ గడే. ప్రెజెంటేషన్ వ్యూల్లో పాత గోడలు కూడా అసలు రంగుల్లో ఉండాలంటే, షో కంప్లీట్ అనే ఫేజ్ ఫిల్టర్ పెట్టండి.

లింక్ చేసిన ఫైల్‌లోని (మీ ఫైల్‌లోకి లింక్‌గా తెచ్చిన వేరే రెవిట్ ఫైల్) గోడలకి మీ ఫిల్టర్ రావట్లేదా? విజిబిలిటీ గ్రాఫిక్స్‌లో రెవిట్ లింక్స్ ట్యాబ్‌లో ఆ లింక్ "బై హోస్ట్ వ్యూ"లో ఉండాలి. "బై లింక్డ్ వ్యూ"లో ఉంటే అది తన ఫైల్‌లోని వ్యూని అనుసరిస్తుంది. ఫిల్టర్ మీరు సొంతంగా చేసిన పారామీటర్ మీద నడుస్తుంటే, అది రెండు ఫైళ్లలోనూ ఒకే షేర్డ్ పారామీటర్ అయి ఉండాలి. పేరు ఒకటే అయితే చాలదు.

10. తరచూ వచ్చే ఇబ్బందులు, పరిష్కారాలు

విజిబిలిటీ గ్రాఫిక్స్‌లో అన్నీ మసకగా ఉన్నాయి, మార్చనివ్వట్లేదు. వ్యూ టెంప్లేట్ తగిలి ఉంది. టెంప్లేట్‌లోనే మార్చండి.

ఒకే మెటీరియల్, నాలుగు గోడలు, నాలుగు ఛాయలు. షేడెడ్‌లో ఉన్నారు. కన్సిస్టెంట్ కలర్స్‌కి మారండి. షేడెడ్‌లోనే ఉండాలంటే గ్రాఫిక్ డిస్‌ప్లే ఆప్షన్స్‌లో లైటింగ్ స్లైడర్లు తగ్గించి చూడండి.

ఎలివేషన్‌లో వెనక గోడలు పాలిపోయి కనిపిస్తున్నాయి. డెప్త్ క్యూయింగ్ ఆన్‌లో ఉంది. దూరం పెరిగేకొద్దీ రంగుని తేలిక చేసే ఏర్పాటు అది. గ్రాఫిక్ డిస్‌ప్లే ఆప్షన్స్‌లో తీసేయొచ్చు.

రియలిస్టిక్ వ్యూలో ఫిల్టర్ రంగు రావట్లేదు. అర్థం చెప్పే రంగులకు రియలిస్టిక్‌ని వాడకండి. ఆ వ్యూని కన్సిస్టెంట్ కలర్స్‌లో పెట్టండి.

రూమ్ రంగులు గోడల మీదికి ఎక్కాయి. వ్యూ ప్రాపర్టీస్‌లో కలర్ స్కీమ్ లొకేషన్ ఫోర్‌గ్రౌండ్‌లో ఉంది. బ్యాక్‌గ్రౌండ్ చేయండి.

టీమ్ ఫైల్‌లో గోడలన్నీ ఏవేవో రంగుల్లో ఉన్నాయి, ఏ ఓవర్‌రైడూ లేదు. వర్క్‌షేరింగ్ డిస్‌ప్లే ఆన్ అయి ఉంటుంది. ఏ గోడ ఎవరి చేతిలో ఉందో చూపించే రంగులవి. కంట్రోల్ బార్‌లో ఆపండి.

ఇవేవీ కాకపోతే గోడని ఎంచుకుని, బై ఎలిమెంట్ డైలాగ్ తెరిచి రీసెట్ నొక్కండి. అప్పటికీ రాకపోతే అదే రకం గోడ ఇంకొకటి పక్కన గీసి రెండూ పోల్చండి. కొత్తది సరిగా ఉంటే లోపం పాత గోడలోనే ఉంది: పెయింట్, ఫేజ్, లేదా తిరగబడటం. కొత్తది కూడా అలాగే ఉంటే లోపం వ్యూలోనో టైప్‌లోనో ఉంది. వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

11. ప్రింట్‌కి పంపే ముందు

తెర మీద కుదిరిన రంగు కాగితం మీద నల్లగా వస్తే మోడల్‌ని అనుమానించకండి. ప్రింట్ సెటప్‌లో కలర్స్ గడి బ్లాక్ లైన్స్‌లోనో గ్రేస్కేల్‌లోనో ఉంటుంది. 2022 నుంచి రెవిట్‌లోనే పీడీఎఫ్ ఎక్స్‌పోర్ట్ ఉంది, దానికి సొంత కలర్స్ గడి ఉంది. రెండూ విడిగా చూడాలి.

రంగులు ఉన్న షీట్లు గ్రేస్కేల్‌లో కూడా ఎవరో ఒకరు తీస్తారు. ఎరుపు, ఆకుపచ్చ రెండూ అప్పుడు ఒకే బూడిదగా మారొచ్చు. ముఖ్యమైన గోడలకి రంగుతో పాటు వేరే గీతల ప్యాటర్న్ కూడా ఇవ్వండి. రంగులు వేరుగా గుర్తుపట్టలేనివాళ్లకి కూడా అప్పుడే మీ డ్రాయింగ్ చదవడం వీలవుతుంది.

- ఒక షీట్ కలర్‌లో, అదే షీట్ గ్రేస్కేల్‌లో తీసి పక్కపక్కన పెట్టి చూశారా?
- లెజెండ్‌లోని (ఏ రంగుకి ఏ అర్థమో చెప్పే పట్టిక) రంగుల ఆర్‌జీబీ సంఖ్యలు ఫిల్టర్‌లోని సంఖ్యలతో సరిపోతున్నాయా? లెజెండ్ తానంతట తాను మారదు.
- ప్రతి వ్యూకీ వ్యూ టెంప్లేట్ తగిలి ఉందా?
- బై ఎలిమెంట్‌తో తాత్కాలికంగా మార్చినవన్నీ రీసెట్ చేశారా?
- టెంపరరీ వ్యూ ప్రాపర్టీస్ ఎక్కడైనా ఆన్‌లో ఉండిపోయిందా?
- "పరీక్ష" అని పేరు పెట్టిన నాలుగు వ్యూలూ తీసేశారా?
- ఈ ఫిల్టర్లు, టెంప్లేట్లు, మెటీరియల్స్ తర్వాతి ప్రాజెక్టుకి కావాలంటే, కొత్త ఫైల్ తెరిచి ట్రాన్స్‌ఫర్ ప్రాజెక్ట్ స్టాండర్డ్స్‌తో తెచ్చుకోండి. మూడింటినీ ఒకేసారి టిక్ చేయాలి.